అరవై రెండో హెల్మెట్

పంతొమ్మిదో హెల్మెట్‌ను బోర్లించి కిటావి దాని లోపలికి ముక్కు పెట్టాడు. కంపు కొట్టే వస్తువు దగ్గరికి తానే ముక్కు తీసుకెళ్ళే మనిషిని లోకం వెర్రివాడంటుంది గానీ, అతని ఉద్యోగం మొదలయ్యేదే అక్కడ. శనివారం స్వారీ పోటీల్లో పట్టిన చెమట, ఆదివారమంతా మూత పెట్టిన పెట్టెలో మగ్గి, విరిగిన పాల వాసన వేస్తోంది. లాయరుగారిది, అనుకున్నాడు. వెనక రాసిన పేరు చూడలేదు.

చరచరమనే పట్టీలు ఊడదీసి లోపలి మెత్తను బయటికి లాగాడు. నుదుటికి ఆనే చోట అది నల్లగా, జిడ్డుగా, అట్ట కట్టి ఉంది. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ముంచి, చంటిపిల్లలకు వాడే షాంపూ నాలుగు చుక్కలు వేసి, వేళ్ళతో మెల్లగా నొక్కడం మొదలుపెట్టాడు. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. రెండో తొట్టిలో జాడించాక పిండలేదు. పిండితే మెత్త ఆకారం చెడి, ఎవడి తలకూ పట్టకుండా పోతుంది. పాత తువాలు మడతలో పెట్టి అరచేత్తో అదిమి, తడి తువాలుకు పట్టించి, తీగ మీద వేశాడు.

డిప్పది వేరే మర్యాద. దాన్ని నీళ్ళలో ముంచకూడదు. తడిగుడ్డతో తుడవాలి, గాలి రంధ్రాల్లో ఇరుక్కున్న ఎర్రమట్టిని పాత పళ్ళబ్రష్షుతో తోడాలి, గడ్డం పట్టీలో గడ్డకట్టిన ఉప్పును వేణ్ణీళ్ళ గుడ్డతో కరిగించాలి. ఆఖరున వెనిగర్ కలిపిన నీళ్ళు చిలకరించాలి. అప్పటికీ లొంగని కంపయితే వంటసోడా చల్లి ఒక రాత్రి వదిలెయ్యాలి. ఎండ మాత్రం తగలనివ్వకూడదు. తొందరపడి ఎండలో పెట్టారా, జిగురు విడిపోయి లోపలి బెండు పెళుసెక్కుతుంది. అలాంటి హెల్మెట్ నెత్తిన పెట్టుకోవడమూ, పుచ్చకాయ డొప్ప పెట్టుకోవడమూ ఒకటే.

జూలై ముసురు. న్గోంగ్ కొండలు మూడు రోజులుగా మబ్బు కప్పుకుని బయటికి రావడం లేదు. ఇలాంటప్పుడు మెత్త ఆరడానికి రోజున్నర పడుతుంది. కిటావికి ఆ లెక్క కొట్టిన పిండి. అందుకే ఈ వేళ పొద్దున్నే ఆరు గంటలకు వచ్చి, మామూలుగా సోమవారం సగమూ గురువారం సగమూ ఉతికే హెల్మెట్లన్నీ ఒక్కసారే దించాడు. గుర్రపుస్వారీ బడిలో ఉన్నవి మొత్తం అరవై ఒకటి. పిల్లలవి, పెద్దలవి, నేర్పేవాళ్ళవి, ఆఖరికి గుర్రాలను చూసుకునే సైసులవి కూడా. సోమవారం గుర్రాలకు సెలవు గనక ఎవరూ అడ్డు చెప్పలేదు. "పోతూ పోతూ అన్నీ శుభ్రం చేసి పోతున్నాడు, మంచి మనిషి" అనుకున్నారు. మంచితనం సంగతి దేవుడెరుగు, అతని ఎత్తు అతనికుంది.

ఈ వేళ అతని ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆ బడిలో ఒక ఆచారం ఉంది. పని మానేసి వెళ్ళే మనిషి ఎవరైనా సరే, వంటావిడైనా, గేటు కాసేవాడైనా, వెళ్ళేముందు గుర్రం మీద కూర్చుని మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరగాలి. మిగతావాళ్ళు కంచె పట్టుకుని నిలబడి చప్పట్లు కొడతారు. ఇంటివాళ్ళను కూడా పిలుస్తారు. ఆ చుట్టు తిరక్కుండా ఇప్పటిదాకా ఎవరూ గేటు దాటలేదు. రెండు గంటలకు కిటావి వంతు.

కిటావికి గుర్రమంటే చచ్చేంత భయం. ఇరవై తొమ్మిదేళ్ళుగా గుర్రాల మధ్య బతుకుతున్నాడు గానీ, మొదటి వారం తప్ప ఒక్క గుర్రాన్నీ రెండు చేతుల దూరం కంటే దగ్గరికి రానివ్వలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. హెల్మెట్ లేనిదే ఎవరూ గుర్రం ఎక్కకూడదన్నది అక్కడ రాతి మీద గీత. అరవై ఒక్క హెల్మెట్లూ తడిగా ఉంటే ఇంక ఎవరు ఎక్కిస్తారు? పథకం అంతే. మూడు రాత్రులు నిద్ర మానుకుని ఆలోచించిన పథకం.

"ఏంటన్నా, పెళ్ళికి బట్టలుతుకుతున్నట్టు ఉతుకుతున్నావు?"

పెద్ద సైసు బరాసా రెండు గ్లాసుల టీతో లోపలికొచ్చాడు. పాలు ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ. జేబులోంచి కాగితంలో చుట్టిన రెండు మందాజీలు తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దుటి నూనె ఇంకా ఆరని వేడి బూరెలవి.

"నాదీ ఉతికేశావా?"

"నీదే ముందు ఉతికాను. దాని కంపుకి పక్కన ఉన్నవి కూడా చెడిపోతున్నాయి" అన్నాడు కిటావి.

"కష్టపడేవాడి చెమటన్నా అది. నీకేం తెలుస్తుందిలే, నీడపట్టున కూర్చునేవాడివి." బరాసా నవ్వాడు. "సరేగానీ, తుంబోకి స్నానం చేయించాను. తోక కూడా దువ్వాను. నిన్ను మొయ్యాలని తెలిసిందో ఏమో, పొద్దున గడ్డి రెండింతలు తింది."

"దేనికంత హడావుడి?"

"బాగుంది. మీ ఊళ్ళో నిన్నేమంటారు? గుర్రాల కిటావి అంటారటగా! మీ ఆవిడ ఫోన్లో చెప్పింది. మాకేమో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నీ స్వారీ చూసే భాగ్యం లేకపోయె. కుర్రాళ్ళు ఫోన్లు చార్జింగు పెట్టుకుని కూర్చున్నారు."

మందాజీ ముక్క కిటావి గొంతులో అడ్డంపడింది. బరాసా వీపు మీద చరిచి, గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు.

కిటావి మనిషి పొడుగు, వంపు. తొట్టి మీద వంగి వంగి, నిలబడినా వంగినట్టే ఉంటాడు. వేళ్ళ కొసలు ఎప్పుడూ నానిన బఠాణీల్లా ముడతలు పడి తెల్లగా ఉంటాయి. పుట్టిన ఊరి బావి నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు గోధుమరంగు. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవడం చిన్నప్పటి అలవాటు. గుంపు ఫోటోలో ఎప్పుడూ చివర సగం భుజం వరకే పడతాడు. జీతం రోజున వరసలో నిలబడితే, వెనకవాడు "ముందు ఎవరైనా ఉన్నారా?" అని అతన్నే అడుగుతాడు.

ఇరవై ఆరేళ్ళ వయసులో సైసు పనికే వచ్చాడు. వారం తిరక్కముందే అప్పటి పెద్ద సైసు ఒడోంగో అతన్ని ఒక ఎర్ర ఆడగుర్రం ఎక్కించాడు. గేటు తీసి ఉంది. బయట బస్సు హారన్ మోగింది. గుర్రం బెదిరి, తారురోడ్డెక్కి, బస్సుకు ఎదురుగా పరుగెత్తింది. కిటావి దాని మెడ కావిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. తల్లిని పిలిచాడు, దేవుణ్ణి పిలిచాడు, ఎవరూ పలకలేదు. అర మైలు పోయాక గుర్రం తనంత తానే ఆగి, కూరగాయలమ్మే ఆవిడ క్యాబేజీలు తినడం మొదలుపెట్టింది. ఆయాసపడుతూ వచ్చి అతన్ని దింపింది ఒడోంగో. కిటావి ప్యాంటు తడిసి ఉంది. ముసలాయన తన వానకోటు విప్పి అతని నడుముకు కట్టాడు. బడికి తిరిగొచ్చి, "వీడి కాలు బెణికింది. కొన్నాళ్ళు హెల్మెట్లు కడుగుతాడు" అని అందరికీ చెప్పాడు.

ఆ కొన్నాళ్ళు ఇరవై తొమ్మిదేళ్ళయింది. ఒడోంగో పోయి పదకొండేళ్ళయింది. ఆ తడిసిన ప్యాంటు మాట బతికున్నన్నాళ్ళూ ఆయన నోట రాలేదు.

సిగ్గు అక్కడితో ఆగితే ఫరవాలేకపోను. మొదటి నెల ఊరికి వెళ్ళినప్పుడు సంతలో ఎవరో, "గుర్రం ఎక్కావా?" అని అడిగారు. కిటావి "ఆఁ" అన్నాడు. అబద్ధమనుకోలేదు. ఎక్కిన మాట నిజమే కదా. ఆ ఒక్క 'ఆఁ' ఇంటికి చేరేలోగా కాళ్ళూ చేతులూ తెచ్చుకుంది. భార్య మ్వికాలి కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. అడ్డంకులు దూకడం, పోటీలు, కప్పులు, నెలకో కథ చెప్పాల్సి వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని గుర్రం పక్కన నిలబడిన ఫోటో ఒకటి ఇంట్లో గోడకెక్కి, అద్దం కూడా బిగించుకుంది. ఇప్పుడు మనవలు చీపురుకట్టల మీద దూకుతూ "నేను తాత, నేను తాత" అని కొట్టుకుంటారు. ఆ మ్వికాలి ఈ వేళ రెండు గంటలకు కంచె పక్కన నిలబడి చూస్తుంది. అతని భయమల్లా అదే. కింద పడితే ఎముక విరుగుతుంది, అతుక్కుంటుంది. ఆవిడ కళ్ళ ముందు మళ్ళీ ప్యాంటు తడుపుకుంటే, ఆ సిగ్గు మాసేంత వయసు ఇక మిగల్లేదు.

ముప్ఫై నాలుగో నంబరు హెల్మెట్ ఒక చిన్నపిల్లది. కిటావి దాన్ని రెండుసార్లు వాసన చూశాడు. పరుగెత్తినవాడి చెమటకు ఉప్పు వాసన, జ్వరం తగిలినవాడి చెమటకు తుప్పు వాసన. భయం చెమట వేరు. పుల్లగా, ముక్కు పుటాల్లో గుచ్చుతుంది. తన ఒంటిదీ అదే కాబట్టి బాగా తెలుసు. అలాంటి మెత్త చేతికి వచ్చినప్పుడల్లా, సాయంత్రం పెద్ద సైసు పక్కన నిలబడి, "ఆ చిన్నపిల్లకి నిదానపు గుర్రాన్ని ఇస్తే బాగుంటుందేమో" అని గొణిగేవాడు. ఎందుకని ఒడోంగో ఎప్పుడూ అడగలేదు. బరాసా కూడా అడగడు. ఇప్పటి మేనేజరు న్యవీరా పదేళ్ళప్పుడు ఇక్కడే స్వారీ నేర్చుకుంది. ఆరు వారాలు ఆ పిల్ల హెల్మెట్ పుల్లగానే వచ్చింది. ఏడో వారం గుర్రం మారాక ఉప్పుగా వచ్చింది. ఆ రోజు కిటావికి ఎంత సంతోషమయిందంటే, ఆ మెత్తను మూడుసార్లు జాడించాడు.

పన్నెండు దాటాక మ్వికాలి వచ్చింది. పొట్టిగా, గట్టిగా, ఎర్ర పూల గుడ్డ తలకు చుట్టుకుని, భుజాన పీచుతో అల్లిన సంచీతో, గదంతా తనదే అన్నట్టు వచ్చి కూర్చుంది. సంచీలోంచి మూతపెట్టిన గిన్నె తీసింది. పొట్టు తీసిన మొక్కజొన్న, కందులు కలిపి వండిన ముథోకోయి. అడుగున కాస్త మాడింది. అతనికి అలాగే ఇష్టం.

"తిను ముసెంబి నాన్నా. గుర్రం మీద ఆకలేస్తే దిగి రాలేవు" అంది, ఎప్పట్లాగే పెద్దకొడుకు పేరు పెట్టి పిలుస్తూ.

"తర్వాత తింటాలే. ఇంకా పదున్నాయి."

"అన్నీ ఇవాళే ఎందుకు ముంచావు? సగం ఇవాళ, సగం గురువారం అని చెప్పేవాడివిగా."

ఆవిడకు ఏదీ మరుపు రాదు. అదే తంటా. కిటావి తొట్టి వైపు చూస్తూ, "వచ్చేవాడికి పని మిగల్చకూడదని" అన్నాడు. ఆవిడ "ఊఁ" అంది. తీగల మీద వరసగా వేలాడుతున్న మెత్తల్ని చూసింది. తడిసి ముద్దయిన అతని ముంజేతుల్ని చూసింది. గిన్నె మూత తీసి చెంచా అతని చేతిలో పెట్టింది.

చెప్పేద్దామా అనిపించింది. నోటిదాకా వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ కథల్ని ఒక్క ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య ఎలా చెప్పడం? మాట మింగి, మొక్కజొన్న మింగాడు. రుచి తెలియలేదు.

రెండు గంటలకు అరవై ఒకటీ తీగల మీద ఉన్నాయి. కిటావి చేతులు తుడుచుకుని మైదానం దగ్గరికి నడిచాడు. ఆరుగురు సైసులు, వంటావిడ, నేర్పేవాళ్ళు ముగ్గురు, గేటు కాసేవాడు, అందరూ కంచె మీద మోచేతులు ఆనించి ఉన్నారు. ఎక్కే మెట్ల పక్కన తుంబో నిలబడి ఉంది. బూడిదరంగు ముసలి గుర్రం. తుంబో అంటే అక్కడి భాషలో పొట్ట, పేరుకు తగ్గట్టే ఉంది. తోక నిజంగానే దువ్వి ఉంది.

"మేడమ్, ఒక చిన్న ఇబ్బంది వచ్చింది" అన్నాడు కిటావి న్యవీరాతో, రెండు రోజులుగా లోపల వల్లెవేసుకున్న గొంతుతో. "హెల్మెట్లన్నీ తడిగా ఉన్నాయి. ఒక్కటీ ఆరలేదు. ముసురు కదా. నియమం నియమమే."

కంచె పొడుగునా "అయ్యో" అన్నారు. ఒక సైసు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. కిటావి బతుకుజీవుడా అనుకున్నాడు. లోపలి నుంచి ఊపిరి దానంతటదే బయటికొచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి కాళ్ళ కింద నేల నేలలా ఉంది. మ్వికాలి వైపు చూసి, ఏం చేస్తాం అన్నట్టు చేతులు చాపాడు కూడా.

న్యవీరా నవ్వింది. "తెలుసు పెద్దాయనా. మీరు ఆఖరి రోజు కూడా పనే చూసుకుంటారని నాకు తెలుసు. అందుకే..." అని వెనక దాచిన అట్టపెట్టె ముందుకు తెచ్చింది. "ఇది మా అందరి తరఫున. సైజు యాభై ఎనిమిది. మీ టోపీ దొంగిలించి కొలిచాం. లోపల మీ పేరు కుట్టించాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. పెట్టెలో నల్లటి కొత్త హెల్మెట్. మెత్త మల్లెపూవంత తెల్లగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. న్యవీరా దాన్ని అతని తల మీద పెట్టి గడ్డం కింద పట్టీ బిగించింది. వేలమంది పట్టీలు తుడిచిన మనిషికి తన గడ్డం కింద ఒకరు పట్టీ బిగించడం ఇదే మొదలు. పట్టీ బిగిసిన మరుక్షణం నుదుటి మీద చెమట పట్టింది. ముక్కుకు తెలిసిపోయింది. పుల్లటి వాసన.

బరాసా కళ్ళెం పట్టుకున్నాడు. కిటావి మొదటి మెట్టెక్కాడు. రెండోది ఎక్కాడు. తుంబో వేడి ఊపిరి చేతికి తగిలింది. మూడో మెట్టుకు కాలు లేవలేదు. లేపమని కాలికి చెప్పాడు, కాలు వినలేదు. కంచె దగ్గర నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరిదో ఫోను ఇంకా ఎత్తే ఉంది.

"ఎక్కన్నా, అది నిద్రపోతోంది" అన్నాడు బరాసా మెల్లగా.

ఇక దాచి లాభం లేదని కిటావికి తెలిసింది. "బరాసా, నేను... నాకు ఇది..." అన్నాడు.

"ఆగండాగండి!"

మ్వికాలి కంచె కింద నుంచి దూరి, చెప్పులు చేత్తో పట్టుకుని మైదానానికి అడ్డంగా వచ్చేస్తోంది.

"ఇదేం న్యాయమమ్మా?" అని న్యవీరాను నిలదీసింది. "ఈయనకు పొద్దస్తమానం ఉండే గుర్రాలే ఇవి. ఇరవై తొమ్మిదేళ్ళు ఇక్కడ ఈయనుంటే, అక్కడ పొలం దున్నిందెవరు, పిల్లల్ని పెంచిందెవరు? ఆ చుట్టేదో నాకివ్వండి. చిన్నప్పుడు మా నాన్న గాడిద మీద ఇసుకవాగుకు నీళ్ళకి పోయేదాన్ని. గాడిద కాస్త పెరిగితే ఇది."

ముందు వంటావిడ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కంచె కంచెంతా మోగిపోయింది. "అలాగే అమ్మా, మీదే చుట్టు!" అంది న్యవీరా, నవ్వు ఆపుకోలేక.

మ్వికాలి మొగుడి గడ్డం కింద పట్టీ ఊడదీసింది. అప్పుడు ఆవిడ మొహం అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. హెల్మెట్ తన తలగుడ్డ మీదే బిగించుకుని, "పక్కకి జరుగు" అని, మూడు మెట్లూ ఎక్కి, కట్టుకున్న లంగా మోకాళ్ళదాకా ఎగదోపుకుని తుంబో మీద కూలబడింది. గుర్రం ఒక్కసారి చెవులు కదిపి ఊరుకుంది.

"తాడు పట్టుకో ముసెంబి నాన్నా. నువ్వు నడిపించు."

కిటావి తాడు అందుకున్నాడు. రెండు చేతుల దూరం చూసుకుని పట్టుకున్నాడు. బరాసా గుర్రానికి రెండో పక్కన నడిచాడు. చుట్టంతా మ్వికాలి ఊరికే కూర్చోలేదు. "ఏయ్, నా ఫోటో తీస్తున్నారా లేదా? ఇందాక తియ్యడానికి ఎత్తారుగా!" అని కంచె దగ్గరున్న వాళ్ళందరినీ పేరుపేరునా కసిరింది. సగం చుట్టయ్యేసరికి ఆ రెండు చేతుల దూరం ఒక చేతి దూరమయింది. ముప్పావు చుట్టు దగ్గర తుంబో ముక్కు అతని భుజానికి రాసుకుంది. ఉలిక్కిపడ్డాడు గానీ తాడు వదల్లేదు.

కరచాలనాలు, కౌగిళ్ళు, కేకు అయ్యాక ఇద్దరూ హెల్మెట్ల గదిలోకి వచ్చారు. బస్సుకు ఇంకా గంట ఉంది. కిటావి కొత్త హెల్మెట్‌ను బోర్లించాడు. మెత్త తెలుపు పోయింది. నుదుటి దగ్గర అంచు తడిసి, ఎర్రమట్టి అంటుకుంది. చెయ్యి దానంతటదే పట్టీలు ఊడదీసింది. తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, నాలుగు చుక్కల షాంపూ వేశాడు. ఆవిడ బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ చూసింది.

"నేను ఎప్పుడూ ఎక్కలేదు" అన్నాడు, తొట్టిలోకి చూస్తూ. "ఒక్కసారే ఎక్కాను. మొదటి వారం. ప్యాంటు తడుపుకున్నాను. నీకు చెప్పినవన్నీ అబద్ధాలు. దూకడాలు, కప్పులు, అన్నీ."

"తెలుసు."

కిటావి తలెత్తాడు.

"ఇరవై తొమ్మిదేళ్ళు నీ ప్యాంట్లు ఉతికింది ఎవరనుకున్నావు?" అంది మ్వికాలి. "మా అన్నలు గాడిదలెక్కేవాళ్ళు. వాళ్ళ లాగులు తొడల దగ్గర అరిగి, వెంట్రుకలు గుచ్చుకుపోయి ఉండేవి. రాయికేసి ఎంత బాదినా పోయేవి కావు. నువ్వు నెలకో సంచీ బట్టలు తెచ్చేవాడివి. ఒక్క ప్యాంటుకి ఒక్క గుర్రం వెంట్రుక చూసిన పాపాన పోలేదు. చొక్కా చేతులకి వెనిగర్ వాసన, మోకాళ్ళ మీద సబ్బునీళ్ళ మరకలు. మూడో నెలకే నాకు అర్థమైపోయింది."

"మరి... అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాడివి. ఉన్నవి పెట్టుకోడానికే ఇంట్లో చోటు లేదు."

కిటావి నవ్వాడు. చెయ్యి అడ్డం పెట్టుకోబోతే రెండు చేతులూ నురగలో ఉన్నాయి. అలాగే నవ్వాడు, గోధుమరంగు పళ్ళన్నీ కనిపించేలా. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. అది కూడా ఆపుకోలేదు. ఛాతీ మీద కూర్చున్న గుర్రమేదో ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత లేచి, ఒళ్ళు దులుపుకుని, గడ్డి మేయడానికి వెళ్ళిపోయినట్టయింది.

"ఒడోంగో తన కోటు నా నడుముకి కట్టాడు" అన్నాడు.

"మంచాయన. ముందే చెప్పి ఉంటే ఆయనకి ఒక కోడిని పంపేదాన్ని."

"మరి గోడమీద ఫోటో? పిల్లలు..."

"ఉండనీ. అందులో నువ్వు గుర్రం పక్కన నిలబడ్డావు. ఎక్కావని ఎక్కడ రాసుంది? ఈసారి పక్కనే నా ఫోటో పెడదాం. ఇంట్లో గుర్రమెక్కింది ఎవరో పిల్లలే తేల్చుకుంటారు." ఆవిడ బల్ల దిగింది. "కానీ. బస్సు మన కోసం ఆగదు."

కిటావి మెత్తను రెండో తొట్టిలో జాడించాడు. తువాలు మడతలో పెట్టి అరచేత్తో అదిమాడు. అదుముతున్నప్పుడు అలవాటుగా వాసన చూశాడు. షాంపూ వాసన, దాని కింద ఇంకా పోని చెమట. ఏది తనదో, ఏది ఆవిడదో చెప్పలేకపోయాడు. ఆ ముక్కుతో అన్నేళ్ళు పని చేసినవాడికి అది వింతే.

గుమ్మంలోకి న్యవీరా వచ్చింది. "అయ్యో, దాన్ని ఇప్పుడెందుకు ఉతికారు? ఎలా తీసుకెళ్తారు?"

"తడిది సంచీలో పెడితే కంపు పడుతుందమ్మా. మెత్తను ఇక్కడే ఆరనివ్వండి. ఎల్లుండి పొద్దుటికి ఆరుతుంది. ఎండలోకి మాత్రం తియ్యకండి."

"ఆరాక ఊరికి పంపిస్తాను."

"వద్దు. యాభై ఎనిమిది సైజు తల ఎవరిదో ఒకరిది రాకపోదు. పేరు పీకెయ్యక్కర్లేదు, వాళ్ళ చెమటకి అదే చెరిగిపోతుంది." కిటావి మెత్తను ఆఖరి తీగ చివర వేశాడు. "ముప్ఫై నాలుగో నంబరు పిల్లకి తుంబోని ఇవ్వండి. కొన్ని వారాలు."

న్యవీరా ఎందుకని అడగబోయి, తల ఊపి ఊరుకుంది.

నీళ్ళు పారబోసి, తొట్లు రెండూ బోర్లించి, తువాలు విదిలించి మేకుకు తగిలించాడు. గిన్నె సంచీలో పెట్టుకున్నాడు. దారిలో గుర్రాల వైపు చూడలేదు. చూడాలని అనిపించలేదు, చూడకూడదనీ అనిపించలేదు. గేటు కాసేవాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మ్వికాలి ముందు, కిటావి ఒక అడుగు వెనక, ఇద్దరూ రోడ్డు దాటి, వచ్చిన బస్సు ఎక్కారు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాల్లో అతను నిద్రపోయాడు. మూడు రోజుల నిద్ర.

హెల్మెట్ల గదిలో ఆఖరి తీగ చివర, అరవై ఒక్క పాత మెత్తల పక్కన కొత్తది వేలాడుతోంది. మిగతావన్నీ కారడం ఎప్పుడో మానేశాయి. అది ఒక్కటే, తెల్లగా, ఉండి ఉండి ఒక్కో చుక్క గచ్చు మీద రాలుస్తోంది.